పడవ నంబరు పదిహేడు

మా ఇంటి గుమ్మం నుంచి బడి గేటుకి నా అడుగులతో నలభై రెండు. మా అమ్మాయి దీక్షిత అడుగులతో డెబ్భై ఒకటి. మధ్యలో కొబ్బరిబోండాల బండి అడ్డం వస్తే ఎనభై. పిల్లకి ఐదేళ్ళు నిండుతున్నాయి, ఒకటో తరగతిలో వేయాలి అనుకున్న రోజు నుంచీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిచి చూసుకున్న లెక్క ఇది. బడి గంట మా వంటింట్లోకి వినిపిస్తుంది. బడిలో మధ్యాహ్నం సాంబారుకి పోపు పెడితే మా ఇంట్లో తుమ్ములొస్తాయి. పిల్లని దింపి వచ్చి, మెట్టు మీద కూచుని బెండకాయలు తరుక్కుంటూ అది ఏ కిటికీ పక్కన కూచుందో చూసుకోవచ్చు. ఇంతకు మించి దేవుణ్ణి నేనేమీ అడగలేదు.

ఈ బడిలో సీటు రాకపోతే రెండో బడి బైపాస్ రోడ్డుకి అవతల ఉంది. ఆ రోడ్డు మీద ఇసుక లారీలు తిరుగుతాయి. ఓసారి వెళ్ళి, రోడ్డు పక్కన గంటసేపు నిలబడి లారీలు లెక్కపెట్టి వచ్చాను. ఆ తరవాత రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు.

బడిలో చేర్చుకోవాలంటే ఇల్లు కిలోమీటరు లోపు ఉండాలి, ఆ సంగతి కార్పొరేషన్ వాళ్ళు కాగితం మీద రాసివ్వాలి. పోయినేడాది దాకా అక్కడి గుమస్తా తలెత్తకుండానే రాసిచ్చేవాడు. ఈ ఏడు అలా కుదరదన్నారు. ఎందుకంటే మధ్యలో మా ఊరికి చరిత్ర దొరికింది.

దొరకడం ఎలాగంటే, రికార్డు గదిలో ఎలుకల బోను పెట్టడానికి బీరువా జరిపితే వెనకాల మూడు వస్తువులు బయటపడ్డాయి. గుడ్డకి అంటించిన ఊరి పటం ఒకటి. ఏ వీధిలో ఎవరుంటారో అచ్చువేసిన డైరెక్టరీ ఒకటి. కాలువ మీద పడవలూ బల్లకట్లూ ఏ వేళకి నడుస్తాయో చెప్పే టైంటేబుల్ ఒకటి. మూడూ నూరేళ్ళ నాటివి. వాటిని ఎలుకలు సైతం ముట్టుకోలేదంటే వాటి మాహాత్మ్యం గ్రహించవలసిందని సభ పెట్టి చెప్పారు. ఆ సభకి పైనుంచి ఒక ప్రొఫెసరు గారు వచ్చి, “ఊరి చరిత్ర తెలియాలంటే పాత పటాలు చదవాలి” అని చెప్పి, టీ తాగి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోయారు. ఆయన చదవాలన్నారు. మా వాళ్ళు పాటించాలని తీర్మానం చేశారు. ‘ప్రాచీన పట అనుసరణ విభాగము’ అని ఒకటి తెరిచారు.

“పటంలో లేనిది పట్టణంలో లేదు” అని ఊళ్ళో గోడలన్నిటి మీదా రాయించారు. రాసింది మా ఆయనే. ఆయన పేరు నూకరాజు, బోర్డులు రాస్తాడు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు ఎండిపోయి కూచున్న మనిషికి ఆ గోడలతో ప్రాణం లేచొచ్చింది. అందుకని విభాగాన్ని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు.

మొదట్లో ఊరికి ఇదంతా సరదాగానే ఉంది. ఇప్పుడు టిఫిను హోటలున్న చోట డాక్టరు గారి నివాసమని డైరెక్టరీలో ఉంది కాబట్టి జ్వరమొచ్చిన వాళ్ళని అక్కడికి పంపేవారు. హోటలాయన మొదట విసుక్కున్నాడు గానీ, తరవాత్తరవాత నాలుక చాపమని చూసి, చట్నీ లేకుండా రెండిడ్లీ తిని పడుకోమనేవాడు. చాలామందికి తగ్గింది. బస్టాండున్న చోట పటంలో తాటితోపు ఉంది. అంచేత కండక్టర్లు “తాటితోపు! తాటితోపు దిగేవాళ్ళు!” అని అరిచేవారు. పొరుగూరి వాళ్ళు దిగకుండా అలాగే కూచుని డిపోకి పోయేవారు.

ఇలా ఊరంతా నవ్వుకుంటున్న రోజుల్లో, మే నెలాఖరున, నేను ఆ కాగితం కోసం విభాగానికి వెళ్ళాను.

గుమస్తా సన్యాసిరావు గారు బల్ల మీద పటం పరిచారు. చుట్టుకుపోకుండా ఒక మూలన స్టేప్లరు, ఒక మూలన టిఫిను డబ్బా, ఒక మూలన తన కళ్ళజోడు పెట్టె ఉంచారు. నాలుగో మూల నన్ను పట్టుకోమన్నారు.

“పేరమ్మా?”

“వీరవేణండి. మా ఇల్లు బడి ఎదురుగుండా అండి.”

“ఎదురుగుండా అనకూడదు. దిక్కు చెప్పాలి.”

“బడికి తూర్పండి.”

ఆయన వేలు బడి దగ్గర బయల్దేరి తూర్పుకి జరిగి, నీలం రంగు పట్టీ ఒకటి ఉంటే దాని మీద ఆగిపోయింది.

“మీ ఇల్లు కాలువలో ఉందమ్మా.”

“ఏ కాలువండి?”

“మీ వీధేనమ్మా. వీధంతా కాలువే. మీ ఇల్లు తూర్పు ఒడ్డుకి ఆనుకుని నీళ్ళలో ఉంది.”

“అక్కడ కాలువ లేదండి బాబూ! మా అత్తగారు కాపరానికి రాకముందే పూడ్చేశారంట.”

“పూడ్చినట్టు పటంలో ఉందా?”

వంగి చూశాను. లేదు.

“మరి?” అన్నారు సన్యాసిరావు గారు, నామీద జాలిగానే.

ఈ మాటలు విని లోపలి గదిలోంచి విభాగాధికారి త్రివిక్రమరావు గారు వచ్చారు. ఆయన మాట్లాడినా ఫైలు చదివినట్టే ఉంటుంది. “అమ్మా, జలములందు గృహమెట్లుండును? జలములందుండునది నౌక. తమరు ఇన్నాళ్ళుగా గుర్తింపు సంఖ్య లేని నౌకయందు నివసించుచున్నట్లు తేలినది. అయినను విభాగము దయతో వ్యవహరించును. ఫారము నింపుడు.”

“నింపితే దూరం కాగితం ఇస్తారాండి?”

“నౌక నమోదైన పిమ్మట నౌకవారికి ఇవ్వదగిన పత్రములన్నియు ఇవ్వబడును.”

మా వీధిలో అప్పటికే పదహారిళ్ళు పడవలయ్యాయట. మాది పదిహేడు.

మర్నాడు తనిఖీకి వచ్చారు. సన్యాసిరావు గారు గుమ్మం బయట చెప్పులు విడిచి, “పడవలోకి రావచ్చాండి?” అని అడిగి మరీ లోపలికొచ్చారు.

“ముక్కు ఎటమ్మా?”

“గుమ్మం వైపు అనుకోండి.”

“ఎంతమంది పడతారు?”

“ముగ్గురమండి. మా ఆడపడుచు పిల్లలొస్తే ఏడుగురం.”

“ఏడుగురైతే అధిక భారం. ముగ్గురనే రాస్తాను. సరుకు?”

“అరబస్తా బియ్యం, గ్యాసు బండ.”

“బండ ప్రమాదకరమైన సరుకు. ఎర్రజెండా కట్టాలి.”

ఇంకా లాంతరు, గంట, ఒడ్డుకి కట్టడానికి తాడు, ప్రమాదం వస్తే పట్టుకు తేలడానికి లారీ టైరు ట్యూబు కావాలన్నారు. వీధిలో అందరూ ఒక్కో ట్యూబు తెచ్చుకున్నారు. నేను రెండు తెప్పించాను. పిల్ల ఉన్న ఇల్లు కదా. తూర్పు ఒడ్డంటే మా ఇంటి వెనక మునగచెట్టు. మా ఇంటి కిటికీ ఊచకీ ఆ చెట్టుకీ తాడు కట్టి ముడి చూపించమన్నారు, చూపించాను. మా ఆయన గుమ్మం పైన తెల్లరంగు కొట్టి, నల్లటి గుండ్రటి అక్షరాలతో ‘పడవ నంబరు 17’ అని రాసి, దూరంగా వెళ్ళి తల వంచి చూసుకుని మురిసిపోయాడు.

పక్కింటి బంగారమ్మత్త గోడ మీంచి తొంగిచూసింది.

“ఏమే వీరవేణీ, మీదేమని రాశారే?”

“పడవని అత్తా.”

“ఉత్త పడవేనా? మాది రెండంతస్తులు కదా, స్టీమరని రాశారు. వానొస్తే మా పైకి రా అమ్మా, మొహమాటపడకు.”

పడవ నమోదు పుస్తకం చేతికొచ్చింది, దూరం కాగితమూ వచ్చింది. ఆనందంగా పట్టుకెళ్ళి బడిలో హెడ్మాస్టరమ్మ రత్నప్రభావతి గారి బల్ల మీద పెట్టాను. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి, కిటికీలోంచి మా గుమ్మం వైపు చూసి నిట్టూర్చారు.

“అమ్మా, నీ గుమ్మం నా కుర్చీలోకి కనపడుతోంది. నువ్వు ఇవాళ గోంగూర వండావని కూడా నాకు తెలుసు. కానీ కాగితంలో మీ పడవ తూర్పు ఒడ్డున కట్టి ఉంది. బడి పడమటి ఒడ్డు. మధ్యలో కాలువ. పటంలో ఉన్న ఒక్క వంతెన మీదుగా తిరిగి వస్తే రెండు మైళ్ళ ఆరు ఫర్లాంగులు. నాలుగు కిలోమీటర్ల పైమాట.”

“మేడమ్, అటు చూడండి. మీ గేటు పట్టుకుని ఊగుతున్నది మా దీక్షితే!”

“ఊగనీ. ఎంతసేపైనా ఊగనీ. ఊగడానికి దూరం అడ్డం కాదు, చేరడానికి అడ్డం.” ఆవిడ గొంతు తగ్గించారు. “జూన్ పదో తారీకు ఆఖరు. ఆ లోపు ఒడ్డు సంగతేదో తేల్చుకుని రా. ఒక సీటు పెన్సిలుతో రాసి ఉంచుతాను.”

అప్పటికి జూన్ ఆరో తారీకు. ఆ సాయంత్రం దీక్షిత పలక తీసుకుని మెట్టు మీద కూచుని, “అమ్మా, మన పడవ ఎప్పుడు కదులుతుంది?” అంది. దాని సంతోషం నేను చెప్పలేను. ఎవరెవరి పిల్లలకో స్కూటీ ఉంది, కారుంది, మా పిల్లకి పడవుంది.

ఆ మాట నా బుర్రలో పడింది. కదులుతుంది కదా! పడవ ఏ ఒడ్డున కడితే ఆ ఒడ్డుది. తెల్లారగానే విభాగానికి పరిగెత్తి, మా పడవని తూర్పు ఒడ్డు నుంచి పడమటి ఒడ్డుకి మార్చుకుంటామని అర్జీ ఇచ్చాను.

త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్ళు చెమర్చాయి. “విభాగ చరిత్రయందు ఒడ్డు మార్పునకు ఇది ప్రథమ దరఖాస్తు. తమవంటి పౌరులు కలరు గనుకనే ప్రాచీనత నిలిచియున్నది.” ముద్ర తీసి, ఊది, వేయబోయి ఆగిపోయారు. “కానీ ఇప్పుడు కుదరదు.”

“ఏమండి?”

“కాలువ కట్టివేయబడినది. పదిహేనో తేదీన నీరు వదులువరకు నౌకలు కదలరాదు.”

మా డెల్టాలో ప్రతి వేసవికీ రెండో పంట దాళ్వా కోతలయ్యాక నీళ్ళు ఆపి కాలవలు కట్టేస్తారు. పూడిక తీసి, గట్లు బాగుచేసి, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారు. ఆ సంగతి నాకు తెలియంది కాదు. లేని కాలవని కూడా కడతారని మాత్రం తెలియదు.

“అక్కడ నీళ్ళే లేవు కదండి, ఏం కట్టారు?”

“అందుకే కట్టుట సులభమైనది,” అన్నారు ఆయన.

అప్పుడు చూశాను, గోడకి ఆనించి కొత్త బోర్డు. ‘కాలువ కట్టబడినది. నౌకలు కదలరాదు.’ గుండ్రటి అక్షరాలు. ఆ చేతిరాత నాకు బాగా తెలుసు.

ఇంటికొచ్చి అడిగితే, “ఔనే, నిన్ననే రాశాను. ఒక్కటే ఒత్తు, నున్నగా వచ్చింది కదా?” అన్నాడు మా ఆయన. రెండు పూటలు ఆయనతో మాట్లాడలేదు.

ఎనిమిదో తారీకున మళ్ళీ వెళ్ళాను. ఏం చెయ్యాలో తెలీదు. ఇంట్లో కూచుంటే చెవుల్లో ఇసుక లారీలు తిరుగుతున్నాయి, అందుకని వెళ్ళాను. అధికారి గారు మీటింగులో ఉన్నారు, వరండాలో కూచోమన్నారు. అక్కడ గోడకి అద్దాల పెట్టెలో ఆ పాత టైంటేబుల్ పెట్టారు, పూలదండ కూడా వేశారు.

నాకో అలవాటుంది. పిల్ల పుట్టినప్పటి నుంచీ చిన్నక్షరాలు చదవకుండా ఉండలేను. మందు సీసా మీది కాగితం, బిస్కెట్ల పొట్లం వెనక తారీకు, సబ్బు పెట్టె అంచు, ఏదైనా సరే చివరి చుక్క దాకా చదివితే గానీ పిల్ల దగ్గరికి రానివ్వను. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. పూలదండ పక్కకి జరిపి, కొంగుతో అద్దం తుడిచి మొదలుపెట్టాను. బల్లకట్టు పొద్దున ఎనిమిది నలభైకి. మనిషికి ఇంత, మేకకి ఇంత, పెళ్ళివారి పల్లకీకి ఇంత. అన్నిటికన్నా అడుగున చీమ తలకాయంత అక్షరాలు. వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాను. ఇంకోసారి చదివాను. లేచి తిన్నగా మీటింగు గదిలోకి వెళ్ళిపోయాను.

“అయ్యా, టైంటేబుల్ కూడా పటమంత పవిత్రమేనాండి?”

త్రివిక్రమరావు గారు నొచ్చుకున్నారు. “పటము, డైరెక్టరీ, టైంటేబుల్ మూడును సమానములు. తీర్మానము నందే కలదు.”

“అయితే అడుగున ఇలా ఉందండి: ‘కాలువ కట్టిన దినములలో బల్లకట్టు నడువదు. అట్టి దినములలో జనులును పశువులును కాలువ అడుగున నడచి దాటవచ్చును.’ ఇప్పుడు కాలవ కట్టేశారు కదండి. అంటే మా పిల్ల నడిచి దాటొచ్చు. నడిస్తే నలభై రెండడుగులు. వంతెనతో పనేముందండి?”

అందరూ వరండాలోకి వచ్చి అద్దం ముందు వంగారు. సన్యాసిరావు గారు కళ్ళజోడు పైకెత్తి, దించి, “ఉందండి,” అన్నారు. “మేం ఇక్కడిదాకా రాలేదండి. దండ అడ్డమొచ్చింది.”

“విషయము పరిశీలనార్హము,” అన్నారు అధికారి గారు. ఆయన నిజాయితీపరుడు. తను నమ్మిన పుస్తకంలో ఉంటే కాదనడు. “కానీ కాలువ అడుగు ఎండినదని విభాగము స్వయముగా ధ్రువీకరించవలెను. రేపు ఉదయము తనిఖీ.”

తొమ్మిదో తారీకు పొద్దున విభాగమంతా మా వీధికి వచ్చింది. కొలత గొలుసు పట్టుకుని ఇద్దరు, గొడుగు పట్టుకుని ఒకరు. బంగారమ్మత్త స్టీమరు పై అంతస్తులో కుర్చీ వేసుకుని కూచుంది. దీక్షితకి రెండు జడలు వేసి గుమ్మంలో నిలబెట్టాను. త్రివిక్రమరావు గారు వీధిలోకి దిగి, నాలుగడుగులు వేసి, టక్కున ఆగారు.

“ఇదేమి?”

వీధి మధ్యలో నీళ్ళ మడుగు. కార్పొరేషన్ కుళాయి పైపు అక్కడ పగిలి మూడేళ్ళయింది. వీధంతా సంతకాలు పెట్టి పదకొండు అర్జీలు ఇచ్చాం. ఆ మడుగులో బాతులు కూడా తిరుగుతాయి.

“కాలువయందు నీరు కలదు!” అన్నారు ఆయన. “కట్టివేయబడిన కాలువలో నీరా? ధ్రువపత్రము ఇవ్వజాలము.”

గుమ్మంలో దీక్షిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడే పైనుంచి బంగారమ్మత్త కేకేసింది.

“ఏవండీ ఆఫీసరు గారూ! కాలవ కట్టాక నీళ్ళొస్తున్నాయంటే తప్పు మాదా, కట్టినోళ్ళదా? కట్టడం చేతకాదని రాసుకోండి మీ పుస్తకంలో!”

ఆ మాట ఆయనకి ములుకులా తగిలింది. కాలువ సరిగా కట్టలేదన్న అపవాదు విభాగానికి రాకూడదు. ఫోను తీశారు. అరగంటలో ఇంజనీరు వచ్చాడు, గంటలో పలుగూ పారా వచ్చాయి, మధ్యాహ్నం భోజనాల వేళకి పైపు అతుకు పడింది. మూడేళ్ళ మడుగుని చీపుళ్ళతో ఊడ్చి, ఇసుక చల్లి, చేత్తో తడిమి చూశారు. బాతులు కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయాయి. వీధిలో ఆడవాళ్ళం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కాలువ కట్టిస్తే పని అవుతుందని తెలిస్తే ముందే అడిగేవాళ్ళం కదా.

సాయంత్రం కాగితం చేతిలో పెట్టారు. ఇప్పటికీ నా దగ్గరుంది. ‘విషయము: కాలువ అడుగు ఎండియుండుట – ధ్రువీకరణ – గురించి. పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, 17వ నంబరు నౌకవాసి చిరంజీవి దీక్షిత పాఠశాలకు కాలినడకన చేరగలదనియు, దూరము నలుబది రెండు అడుగులు మాత్రమే అనియు, ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. నీరు వదులువరకు మాత్రమే చెల్లును.’

ఆఖరి వాక్యం చిన్నక్షరాల్లో ఉంది. చదివి కూడా ఊరుకున్నాను.

పదో తారీకున రత్నప్రభావతి గారు పెన్సిలు గీతని చెరిపి, అక్కడే సిరాతో దీక్షిత పేరు రాశారు. “సిరాతో రాసింది నీళ్ళొచ్చినా పోదు,” అన్నారు ఆవిడ, నా వైపు చూడకుండా.

పదిహేనో తారీకున మేళతాళాలతో వచ్చి, కొబ్బరికాయ కొట్టి, ఇత్తడి బిందెతో నీళ్ళు మా వీధిలో పోశారు. ఎండకి రెండు నిమిషాల్లో ఆరిపోయాయి. కానీ నీరు వదిలినట్టే లెక్క. ఇక నడిచి దాటకూడదు. టైంటేబుల్ ప్రకారం రోజూ ఎనిమిది నలభైకి బల్లకట్టు నడవాలి. అందుకని నాలుగు చక్రాల బల్లబండి ఒకటి తెచ్చి, దానికి కొయ్య అంచులు కట్టి, తోయడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టారు. గంట కొట్టి మా గుమ్మం దగ్గర బయల్దేరితే బడి గేటు దగ్గర ఆగుతుంది. ఊళ్ళో వేళకి నడిచేది అదొక్కటే. దాని కోసమని మా వీధి పిల్లలు ఒక్కరోజు కూడా బడి మానలేదు. దీక్షిత ముందు కూచుని తెడ్డు వేస్తున్నట్టు చేతులాడిస్తుంది. నేను మెట్టు మీద కూచుని, చివరి పిల్ల దిగిందాకా చూసి, అప్పుడు బెండకాయల పళ్ళెం అందుకుంటాను. రెండో ట్యూబు బల్లకట్టుకే ఇచ్చేశాను.

మొన్న కూరల బండి అవతలి వైపు ఆగింది. తోటకూర కోసం వీధి దాటుతున్నాను. బంగారమ్మత్త స్టీమరు మీంచి పగలబడి నవ్వింది.

“ఓసి పిచ్చిదానా! చీర ఎందుకే పైకెత్తి నడుస్తున్నావు?”

చూసుకుంటే నిజమే. కుచ్చిళ్ళు నాలుగంగుళాలు పైకి పట్టుకుని నడుస్తున్నాను. ఎప్పుడలవాటైందో ఏమో. సిగ్గేసి వదిలేశాను.

నవ్వితే నవ్వుకోనీ అనుకున్నాను. నిన్న అదే బండి దగ్గరికి బంగారమ్మత్త వంకాయల కోసం దిగింది. నేను మెట్టు మీంచి చూస్తున్నాను. వీధి అంచున ఒక్క క్షణం ఆగింది. అటూ ఇటూ చూసింది. తరవాత చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.